ఆంటొనీ లీవెన్‌హుక్

లోకమునకు మహోపకారము చేసినవారందరును గొప్ప విద్యాలయములలో చదివినవారు కారు. కొందరు సామాన్య గృహములలో జన్మించి, సామాన్యమైన వృత్తులు చేసికొనుచు, తమకు చిక్కిన తీరిక కాలమును వ్యర్థపుచ్చక, సత్యమును కన్నులార చూడవలెనను పట్టుదలచే గొప్పవారైరి. అట్టివారిలో హాలెండు దేశీయుడగు ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ ఒకడు. మనుష్యుని నోట నివసించు సూక్ష్మజీవులను మొట్టమొదట చూచినవాడు ఇతడే. చిగుళ్ల వ్యాధికి మందొక్కటే యేల చాలదో మనకు బోధించు పరీక్షను 1683వ సంవత్సరముననే తన నోటియందే చేసి చూచినవాడును ఇతడే. కావున ఇతని చరిత్రము విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలిసికొనదగినదై యున్నది.

లీవెన్‌హుక్ 1632వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన డెల్ఫ్ట్ నగరమున జన్మించెను. అతని తండ్రి ఫిలిప్స్ గంపలల్లి జీవించువాడు. బాలునికి అయిదేండ్లు నిండిన కొలదికాలమునకే తండ్రి గతించెను. తల్లి కొంతకాలమునకు ఒక చిత్రకారుని మరల వివాహమాడెను. బాలుని వార్మండ్ అను గ్రామములోని పాఠశాలకు పంపిరి. పిమ్మట అతడు బంధువగు నొక పెద్దమనిషి యింట కొంతకాలము పెరిగెను. ఆ దినములలో ఐరోపాఖండమున పండితుల భాష లాటిను. శాస్త్రగ్రంథములు పెక్కు ఆ భాషయందే వ్రాయబడుచుండెను. లీవెన్‌హుక్ ఆ భాషను నేర్చుకొనలేదు. మాతృభాషయగు డచ్చి తప్ప మరియొక భాష అతనికి కడవరకు రాలేదు.

పదునారవ యేట, 1648లో, అతడు ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు పోయి యొక బట్టల వర్తకునియొద్ద పని నేర్చుకొనెను. 1654లో డెల్ఫ్ట్‌నకు మరలివచ్చి, బార్బరా అను కన్యకను వివాహమాడి, స్వంతముగా బట్టల దుకాణము పెట్టుకొనెను. ఆ దంపతులకు అయిదుగురు బిడ్డలు కలిగిరి. వారిలో నలుగురు పసితనముననే పోయిరి. మరియా అను కుమార్తె యొక్కతియే మిగిలెను. 1666లో భార్యయు మరణించెను. 1671లో అతడు మరల వివాహమాడెను గాని ఆ రెండవ భార్యయు 1694లో గతించెను. ఇన్ని దుఃఖముల నడుమను అతడు తన పనిని విడువలేదు. కుమార్తె మరియా అవివాహితగనే యుండి, తండ్రి తుదిశ్వాస విడుచువరకు అతనికి తోడుగా నిలిచెను.

1660లో అతనికి నగర న్యాయసభా మందిరమును సంరక్షించు కొలువు లభించెను. ఆ మందిరపు తలుపులు తెరచుట, మూయుట, గదులు శుభ్రముగా నుంచుట, చలికాలమున నిప్పు రగిలించుట మొదలగు పనులకు అతడు బాధ్యుడు. 1669లో భూములు కొలుచు సర్వేయరుగా పరీక్షయందు తేరెను. 1679లో ద్రాక్షసారాయి పీపాలను కొలిచి పన్ను నిర్ణయించు అధికారి యయ్యెను. డెల్ఫ్ట్ నగరమున ప్రసిద్ధుడగు వెర్మీర్ అను చిత్రకారుడు అప్పులతో మరణింపగా, 1676లో అతని యాస్తి వ్యవహారములు చక్కబెట్టు భారమును నగరాధికారులు లీవెన్‌హుక్‌కే అప్పగించిరి. లెక్కయందును కొలతయందును అతడెంత నమ్మదగినవాడో దీనివలన తెలియుచున్నది. ఈ గుణమే పిమ్మట అతని శాస్త్రపరిశోధనకు పునాది యయ్యెను.

బట్టల వర్తకులు నూలుపోగుల నాణ్యమును తెలిసికొనుటకు భూతద్దములను వాడుచుండిరి. లీవెన్‌హుక్ అంతటితో తృప్తి నొందక, గాజును తానే కరగించి, అరగదీసి, మెరుగుపెట్టి, ఆవగింజ వంటి చిన్న గాజుబిళ్లలను తయారుచేయ నేర్చెను. అట్టి బిళ్ల నొకదానిని రెండు చిన్న ఇత్తడి రేకుల నడుమ బిగించి, దాని యెదుట నొక సూదిమొనను అమర్చి, ఆ మొనపై చూడవలసిన పదార్థము నుంచి, మరలు త్రిప్పి సరిచేసికొని, కంటికి మిక్కిలి దగ్గరగా పట్టుకొని వెలుతురునకు ఎదురుగా చూచువాడు. ఆ యంత్రము అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నది. జీవితకాలమున అతడు చేసినవి అయిదు వందలకు పైబడియుండెను. నేటికి మిగిలియున్న కొలదివానిలో శ్రేష్ఠమైనది వస్తువును 260 రెట్లకు పైగా పెద్దదిగా చూపుచున్నది. తన శ్రేష్ఠమైన యంత్రముల రహస్యమును అతడు ఎవ్వరికిని చెప్పలేదు.

1673లో డెల్ఫ్ట్ నగర వైద్యుడగు ద గ్రాఫ్ అను నతడు, లీవెన్‌హుక్ పనిని గూర్చి లండను నగరములోని రాయల్ సొసైటీ అను శాస్త్రజ్ఞుల సభకు వ్రాసెను. అది మొదలు లీవెన్‌హుక్ తాను చూచినదానిని లేఖలుగా డచ్చి భాషలో వ్రాసి ఆ సభకు పంపుచుండెను. అచటివారు వానిని అనువదించి ప్రకటించుచుండిరి. 1674లో ఊరి సమీపముననున్న చెరువునీటిలో కదలాడు సూక్ష్మజీవులను చూచితినని వ్రాసెను. మిరియములకు కారమేల కలిగెనో తెలిసికొనగోరి వానిని నీట నానవేసి, కొన్ని వారములైన పిమ్మట ఆ నీటిని పరీక్షించి, అంతకంటెను చిన్నవియగు లెక్కలేనన్ని జీవులను చూచి, 1676లో సభవారికి తెలిపెను.

ఈ మాట పండితులకు నమ్మశక్యము కాలేదు. ఒక నీటిబొట్టులో వేలకొలది జీవులుండుట యెట్లు సంభవించునని సంశయించిరి. లీవెన్‌హుక్ కోపింపలేదు. 1677లో మతబోధకులు మొదలైన గౌరవనీయులగు ఎనిమండుగురిని తన యింటికి రావించి, తన యంత్రముతో వారిచేతనే చూపించి, వారి సాక్ష్యపత్రములను సభకు పంపెను. ఆ సంవత్సరము నవంబరులో రాబర్టు హుక్ అను మహాశాస్త్రజ్ఞుడు సభ్యుల యెదుట ఆ పరీక్షను తానును చేసి చూపగా, అందరును లీవెన్‌హుక్ పలికినది సత్యమని యొప్పుకొనిరి. 1680లో ఆ సభవారు ఈ బట్టల వర్తకుని తమ సభ్యునిగా ఎన్నుకొనిరి.

ఇక అతని పరిశోధనలలో మనకందరకును మిక్కిలి దగ్గరిదానిని గూర్చి చెప్పవలసియున్నది. 1683వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన వ్రాసిన లేఖలో అతడు తన పండ్లను గూర్చి తెలిపెను. అప్పటికి అతనికి ఏబదియొకటవ యేడు నడుచుచుండెను. ప్రతిదినము ఉదయమున ఉప్పుతో పండ్లు తోముకొని, నీటితో నోరు పుక్కిలించుట అతని యలవాటు. భోజనమైన పిమ్మట వెనుకటి పండ్ల సందులను పుల్లతో శుభ్రపరచి, గుడ్డతో తుడుచుకొనువాడు. అతని పండ్లు ఆ వయస్సువారిలో అరుదైనంత తెల్లగా నుండెను. గట్టిగా తోమినను చిగుళ్లనుండి రక్తము వచ్చెడిది కాదు. అయినను భూతద్దముతో చూడగా, దవడపండ్ల సందులలో తడిపిన పిండివంటి తెల్లని పాచి కొంచెము మిగిలియుండుట కనబడెను.

ఆ పాచిని తీసి, జీవులు లేవని ముందుగా పరీక్షించిన వాననీటిలో కలిపి యంత్రముతో చూచెను. అందు చిన్నజీవులు పెక్కులు చురుకుగా కదలుచుండెను. కొన్ని నీటిలో చేపవలె దూసికొని పోవుచుండెను. కొన్ని బొంగరమువలె గిరగిర తిరుగుచుండెను. అతడు అంతటితో ఆగక, స్త్రీల పాచిని, ఎనిమిదేండ్ల బిడ్డ పాచిని, పుట్టినది మొదలు నోరు శుభ్రపరచుకొనని యొక వృద్ధుని పాచిని గూడ పరీక్షించెను. వృద్ధుని నోట జీవులు అపారముగా నుండెను. ఒక్క మనుష్యుని నోటనున్న జీవుల సంఖ్య తన దేశమునందలి జనసంఖ్యను మించియుండునని అతడు లెక్కగట్టెను.

తరువాత అతడు చేసిన పరీక్ష మరింత గొప్పది. ద్రాక్షసారాయి పులియగా నేర్పడు ఘాటైన వినిగరును నోటబోసికొని పండ్లను కడిగెను. అప్పుడు పాచిని తీసి చూడగా జీవులు ఇంకను బ్రతికియే యుండెను. పిమ్మట పాచిని నోటివెలుపల వినిగరులో కలిపి చూచెను. అప్పుడు ఆ జీవులన్నియు వెంటనే చచ్చెను. మందు ఒక్కటే, జీవులును అవియే. అయినను ఫలము వేరుగా నుండెను. ఇందుకు కారణమేమని ఆలోచించి, నోటబోసిన వినిగరు పాచి పైపొరలోని జీవులను మాత్రమే చంపినదనియు, పాచి లోపలికి చొరలేకపోయినదనియు అతడు తెలిసికొనెను.

తొమ్మిది సంవత్సరములైన పిమ్మట, 1692లో, మరియొక విశేషమును వ్రాసెను. ముందటి పండ్లనుండి తీసిన పాచిలో వెనుకటివలె జీవులు కానరాలేదు. తాను ఉదయమున వేడివేడిగా త్రాగు కాఫీ తగిలి అవి చచ్చియుండునని అతడు ఊహించెను. ఆ వేడి సోకని దవడపండ్ల సందులలో వెదకగా, అచట జీవులు యథాప్రకారము ఆడుచుండెను. మందైనను వేడియైనను తగిలినచోటనే పనిచేయును. మరుగున దాగినవానికి దానివలన భయము లేదని ఈ రెండు పరీక్షలును తెలుపుచున్నవి.

లీవెన్‌హుక్ కీర్తి దేశదేశములకు వ్యాపించెను. 1698లో రుష్యా చక్రవర్తి పీటరు డెల్ఫ్ట్‌నకు వచ్చినప్పుడు అతనిని తన పడవకు రావించుకొని, యంత్రములను చూచి ఆనందించెను. ఇంత గౌరవము పొందియు ఆ వృద్ధుడు ప్రతిదినము పని చేయుచునే యుండెను. తొంబదియవ యేట మరణశయ్యపై నుండియు, రెండు లేఖలను లాటినులోనికి మార్పించి లండనునకు పంపుమని మిత్రుని వేడుకొనెను. 1723వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన అతడు కన్నుమూసెను. డెల్ఫ్ట్‌లోని పురాతన దేవాలయమున అతని సమాధి యున్నది. అతని కోరిక ప్రకారము కుమార్తె మరియా 26 వెండి సూక్ష్మదర్శినులు గల పేటికను రాయల్ సొసైటీకి పంపెను. ఆ పేటిక పందొమ్మిదవ శతాబ్దమున కానరాకుండ పోయెను గాని, అతని లేఖలు నిలిచియున్నవి.

పాచిలోని జీవులే చిగుళ్ల వ్యాధికి మూలమని లీవెన్‌హుక్ చెప్పలేదు. ఆ సంగతి లోకమునకు స్పష్టమగుటకు చాలకాలము పట్టెను. 1965లో డెన్మార్కు దేశమున హెరాల్డ్ లో అను దంతశాస్త్రజ్ఞుడు, ఆరోగ్యమైన చిగుళ్లు గల పన్నిద్దరిచే పండ్లు తోముకొనుట మాన్పించి పరీక్షించిన ఫలితములను ప్రకటించెను. వారిలో పెక్కుమంది దంతవైద్య విద్యార్థులే. పది దినములు మొదలు ఇరువదియొక్క దినములలోపల అందరి చిగుళ్లును వాచెను. మరల శుభ్రపరచుకొన నారంభింపగా వాపు తగ్గిపోయెను. పాచియే చిగుళ్ల వాపునకు కారణమని దీనివలన ఋజువయ్యెను.

ఆ వాపును అశ్రద్ధచేసినచో వ్యాధి లోనికి దిగును. పాచి గట్టిపడి గారయగును. చిగురు పంటిని విడిచి, రెంటి నడుమ లోతైన తిత్తి యేర్పడును. ఆ తిత్తిలో సూక్ష్మజీవులు చేరి వృద్ధిపొందును. వానిని ఎదుర్కొను శరీరపు పోరాటమువలన పంటిని పట్టియుంచు తంతువులును దవడ యెముకయు క్రమముగా కరగిపోవును. తుదకు పురుగు లేని గట్టి పండ్లే కదలి ఊడిపోవును. ఈ వ్యాధి తరచుగా నొప్పి లేకయే పెరుగును గనుక, తోమునప్పుడు కనబడు రక్తమే మనకు మొదటి హెచ్చరిక.

దీనికి మొదటి చికిత్స కత్తితో కోయుట కాదు. దంతవైద్యుడు తగిన పనిముట్లతో చిగుటికి పైనను, చిగుటి క్రిందను పంటి వేరునకంటిన పాచిని గారను గీకి తీసివేసి, వేరును శుభ్రపరచును. రోగి ప్రతిదినము ఇంటియందు పండ్లను శుభ్రముగా నుంచుకొనవలెను. చాలమందికి ఈ రెండు పనులతోనే చిగుళ్లు బిగిసి వ్యాధి నిలిచిపోవును.

అయితే సూక్ష్మజీవులను చంపు యాంటీబయాటిక్ మందులు ఇరువదియవ శతాబ్దమున లభింపగా, వానితో చిగుళ్ల వ్యాధిని తేలికగా మాన్పవచ్చునను ఆశ కలిగెను. 1928లో అలెగ్జాండరు ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొనెను. 1948లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి ఆరియోమైసిన్ అను మందు వెలువడెను. దానిని మట్టిలోని సూక్ష్మజీవినుండి కనుగొన్నవాడు డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు. ఆ పరిశోధనాలయమును నడిపినవాడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సుబ్బారావుగారు ఆ సంవత్సరముననే ఆగస్టు మాసమున దివంగతులైరి. ఆరియోమైసిన్ వంశమునకు చెందిన డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ అను మందులను దంతవైద్యులు కొన్ని సందర్భములలో చిగుళ్ల తిత్తులలో నుంచుచున్నారు. తెలుగువారికి ఈ కథతో గల సంబంధము ఇట్టిది.

1962లో ఇంగ్లాండున మరియొక వ్యాధికై మెట్రోనిడజోల్ పుచ్చుకొనుచున్న యొక రోగికి, అనుకొనకయే చిగుళ్ల పుండ్లు మానినవని తెలియవచ్చెను. 1989లో, లీవెన్‌హుక్ బట్టల పని నేర్చిన ఆమ్‌స్టర్‌డామ్ నగరముననే, దంతశాస్త్రజ్ఞులు మెట్రోనిడజోల్‌ను అమాక్సిసిలిన్‌ను కలిపి యిచ్చి, మొండిదైన యొక సూక్ష్మజీవిని చిగుళ్ల తిత్తులనుండి తొలగింపగలిగితిమని ప్రకటించిరి. వారు మందును మాత్రమే యిచ్చి ఊరకుండలేదు. పండ్ల వేళ్లను శుభ్రపరచుటయు ఆ చికిత్సలో భాగమే. వ్యాధి తీవ్రముగా నున్నవారికి, శుభ్రపరచుటతో కూడ ఈ మందుల నిచ్చినచో తిత్తుల లోతు మరికొంత తగ్గునని పిమ్మట జరిగిన పెక్కు పరిశోధనలు చూపినవి.

శుభ్రపరచక మందొక్కటే పుచ్చుకొనినచో ఏమగును? లీవెన్‌హుక్ వినిగరునకు కలిగిన గతియే మందునకును కలుగును. పాచియనునది చెల్లాచెదరుగా నున్న జీవుల గుంపు కాదు. సూక్ష్మజీవులు తమచుట్టు జిగురువంటి పదార్థమును కల్పించుకొని, పొరలు పొరలుగా కోటవలె కట్టుకొన్న నివాసము. మందు ఆ కోటలోనికి చాలినంతగా చేరదు. లోపలి జీవులు మెల్లగా పెరుగునవి గనుక వానిపై మందు బలముగా పనిచేయదు. నీటిలో తేలియాడు జీవిని చంపు మోతాదు పాచిలోని జీవికి చాలదు. ముందుగా ఆ కోటను చేతి పనిముట్టుతో పగులగొట్టినగాని మందు లోనికి పోదు. కావుననే యాంటీబయాటిక్ ఈ వ్యాధియందు సహాయకుడు మాత్రమే గాని నాయకుడు కాదు.

అంతియేకాక, అనవసరముగా వాడిన మందు కీడు చేయును. కొందరికి విరేచనములు పట్టును. కొందరికి ఒడలు పడక ప్రమాదము కలుగును. మందుతో చావక మిగిలిన సూక్ష్మజీవులు దానికి లొంగని సంతతిని పెంచును. అట్టివి ప్రబలినచో, రేపు ఒక బిడ్డకు ప్రాణాపాయమైన జ్వరము వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చును. చాలని మోతాదులో వాడినచో సూక్ష్మజీవులు పెనిసిలిన్‌కు లొంగకుండ నేర్చునని ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించెను. 2020లో ఐరోపా చిగుళ్లవ్యాధి వైద్యుల సమాఖ్యవారు వెలువరించిన సూచనలలో, చిగుళ్ల వ్యాధి గల వారికందరికిని ఈ మందుల నియ్యరాదనియు, చిన్నవయస్సుననే వ్యాధి తీవ్రముగా వ్యాపించిన కొందరికి మాత్రము, శుభ్రపరచు చికిత్సతో కూడ, ఇచ్చుటను ఆలోచింపవచ్చుననియు తెలిపిరి.

ప్రియ విద్యార్థులారా! లీవెన్‌హుక్‌కు పట్టము లేదు, పండితభాష రాదు. ఆయనకున్నవి నిలుకడగల చేయి, మోసపోని కన్ను, తన మాటను తానే పరీక్షించుకొను నిజాయితీ. వినిగరుతో పండ్లు కడిగిన పిమ్మట, జీవులన్నియు చచ్చియుండునని ఊహించి ఆయన ఊరకున్నయెడల ఆ సత్యము ఆయనకు దొరకెడిది కాదు. మరల పాచి తీసి చూచెను గనుకనే దొరకెను.

తలిదండ్రులును ఈ చరిత్రమునుండి గ్రహింపవలసినది కలదు. చిగుళ్లనుండి రక్తము వచ్చినప్పుడు అంగడికి పోయి, ఎవరో చెప్పిన మాత్రలను రెండు దినములు మ్రింగి, రక్తము తగ్గినంతనే వ్యాధి పోయినదని తలంచుట పొరపాటు. పైపొర చల్లారినను లోపలి కోట నిలిచియే యుండును. దంతవైద్యుని చూపించుకొని పాచిని గారను తీయించుకొనవలెను. మందు అవసరమా కాదా యనునది ఆయన నిర్ణయింపవలెను. ఇచ్చినచో చెప్పిన మోతాదును చెప్పినన్ని దినములు వాడవలెను. పొగాకు చిగుళ్లకు శత్రువు గనుక దానిని విడువవలెను. బిడ్డలకు ఉదయమునను, రాత్రి నిద్రకు ముందును పండ్లు తోముకొను అలవాటు చేయవలెను. డెల్ఫ్ట్ నగరపు వర్తకుడు చిటికెడు ఉప్పుతోను, పుల్లతోను, గుడ్డపేలికతోను తన చిగుళ్లను కాపాడుకొనెను. మనకు అంతకంటె మంచి సాధనములు గలవు. ఆయనకున్న శ్రద్ధ మనకును అలవడుగాక.